అద్దానికి వెనక కొస

వీధిలో ఆమెను వెనకావిడ అనేవారు. నిలువెత్తు అద్దమొకటి రోడ్డు పక్కన నడుచుకుంటూ వచ్చేది. దాని ముందు కొస పట్టుకుని మేస్త్రి, వెనక కొస పట్టుకుని ఆమె. ఎదురిళ్ళ కిటికీలు, కరెంటు తీగలు, ఎక్కడిదో ఒక మబ్బుతునక అద్దంలో ఊగుతూ సాగిపోయేవి. ఆమె మాత్రం కనిపించేది కాదు. అంచుల మీద రెండు చేతి తొడుగులు, కింద రెండు చెప్పులు, అంతే. వాటిని చూసి ఎవరో పెట్టిన పేరు అలా నిలిచిపోయింది. ఆమె కూడా కాదనలేదు. "ముందు నడిచే మొహమా నాది? వెనకుంటేనే అద్దానికీ మర్యాద, నాకూ మర్యాద" అనేది.

తన మీద జోకు ఇంకొకరు వేసేలోపు తానే వేసేసుకోవడం ఆమెకు చిన్ననాటి అలవాటు. ఆ వయసులో ఆమె చేతిలో ఏదీ నిలిచేది కాదు. గాజు గ్లాసులు, సిరాబుడ్లు, ఒకసారి పక్కింటివాళ్ళ గోడగడియారం. ఆ గడియారం కిందపడ్డాక కూడా కాసేపు తిరిగిందనీ, కాబట్టి తాను నిర్దోషినని ఏడుస్తూ వాదించాననీ చెప్పేది. "దీని వేళ్ళకు నూనె రాసి పంపాడు దేవుడు" అని పిన్ని అనేది. అద్దాలు కోసే మేస్త్రితో పెళ్ళి కుదిరిందని తెలిసినప్పుడు పిన్ని చేతిలో పని పక్కన పెట్టేసిందట. తర్వాత మెల్లగా అడిగిందట: "ఆ అబ్బాయికి విషయం చెప్పారా?"

ఎవరూ చెప్పలేదు. పెళ్ళయిన కొత్తలో ఆమే చెప్పింది, పింగాణీ కప్పు రెండు ముక్కలు రెండు చేతుల్లో పట్టుకుని. మేస్త్రి ఆ ముక్కలు తీసుకుని వెలుతురుకు పెట్టి తిప్పి చూశాడు.

"కోత బావుంది. కత్తి పెట్టినా నాకు ఇంత తిన్నగా రాదు" అన్నాడు.

ఆమె ఏడుద్దామని తయారై వచ్చింది. ఆ ఏడుపు ఏం చేసుకోవాలో తెలియక నవ్వేసింది.

వాళ్ళ దుకాణమంటే ఇంటి ముందు గదే. తెర తీస్తే వంటగది, దాని వెనక పడకగది, ఆ వెనక పెరడు. ముందు గది నడుమ పెద్ద బల్ల, దాని మీద అరిగిపోయిన తివాచీ. గాజు పరిచేది ఆ తివాచీ మీదే. పక్కన చిన్న డబ్బాలో కిరసనాయిలు. గాజు కోసే కత్తి మొన అందులో ముంచి, స్కేలు వెంట ఒక్క గీత గీస్తే, దూరంగా ఎవరో కొత్త బట్ట చింపుతున్నట్టు చప్పుడయ్యేది. తర్వాత కింద నుంచి వేలి కణుపుతో తట్టి, రెండు చేతులా పట్టుకుని ఒక్క విరుపు. కోసిన అద్దాలు గోడ వారగా చెక్క చట్రంలో ఒకదానికొకటి ఆనుకుని నిలబడేవి. పొద్దున ఎండ వాటి మీద పడగానే పైకప్పు మీద నీళ్ళు పారినట్టు వెలుతురు కదిలేది. ఆమె ఆ గదిలో చాప మీద పడుకుని, ఏటి అడుగున ఉన్న రాయినని ఊహించుకునేది. "రాయిని కదా, లేవడం ఆలస్యమవుతుంది" అని మేస్త్రికి సంజాయిషీ.

ఇన్ని అద్దాల మధ్య బతుకుతూ ఇంట్లోకి మాత్రం సరైన అద్దం ఒక్కటి పెట్టుకోలేదు. కోయగా మిగిలిన ముక్కలే ఇంటివి. స్నానాల గదిలో రిబ్బనంత సన్నటి నిలువు ముక్క. మేస్త్రి అందులో ఒక చెంప గీసుకుని, పక్కకు జరిగి రెండో చెంప గీసుకునేవాడు. వంటగదిలో మూడు మూలల ముక్క. పడకగదిలో అడ్డంగా ఒక పట్టీ, నడుము నుంచి మోకాళ్ళ దాకా చూపించేది. "నన్ను నేను వాయిదాల్లో చూసుకుంటాను" అనేది ఆమె. పిల్లలెందుకు లేరని ఎవరైనా అడిగితే, "పగిలేవి ఇప్పటికే ఇంటి నిండా ఉన్నాయి కదా" అని, వాళ్ళు నవ్వాలో వద్దో తేల్చుకునేలోపు వేరే మాటలోకి వెళ్ళిపోయేది.

అద్దాలు మోసే పనిలోకి ఆమె వచ్చింది మేస్త్రి దగ్గరి సహాయకుడు పని మానేసిన రోజున. "కాస్త ఒక చేయి వేస్తావా?" అని మేస్త్రి తెర అవతల నుంచి అడిగాడు. ఆ వేసిన చేయి మళ్ళీ ఆమెకు తిరిగి రాలేదు.

అద్దాల మోతలో అన్నిటికంటే ముందు నేర్చుకోవలసింది ఒకటుంది. పడుతున్న అద్దాన్ని పట్టుకోకూడదు. జారిందా, వదిలెయ్యాలి. రెండు చేతులూ పైకెత్తి వెనక్కి గెంతాలి. మేస్త్రి తండ్రి ఒకసారి పట్టుకోబోయాడు. ఆ తర్వాత బతికినంత కాలం ఆయన ఎడమచేతి వేళ్ళు రెండు ముడుచుకోలేదు. నోటితో చెప్తే ఒంటికి ఎక్కదని మేస్త్రి ఆమెకు పెరట్లో తాలీము పెట్టాడు. పనికిరాని గాజు పలకను ఆమె ఎదుట నిలబెట్టి వదిలేసేవాడు. ఆమె ప్రతిసారీ చేతులు చాచేది.

"పట్టుకోవద్దంటున్నానా?"

"నేను పట్టుకోవట్లేదు, చేతులే వెళ్తున్నాయి."

"ఆ చేతులు ఎవరివి?"

"నావైతే నా మాట వినేవి కదా."

పుట్టినప్పటి నుంచీ పడేసినందుకు తిట్లు తిన్న మనిషి ఇప్పుడు పట్టుకోబోయినందుకు తినడం మొదలుపెట్టింది. తన చేతులతో సుఖపడ్డవాళ్ళు లోకంలో ఎవరైనా ఉంటే చూడాలని ఉందనేది. పెరడంతా గాజు పెంకులు తేలాక ఒక రోజు పలక ఒరిగింది, ఆమె కాళ్ళు వాటంతటవే వెనక్కి గెంతాయి, రెండు చేతులూ పైకి లేచాయి. మేస్త్రి చప్పట్లు కొట్టాడు. ఆనాటి నుంచి ఆ గెంతు ఆమె ఒంట్లో ఒక కీలులా బిగిసిపోయింది. వంటగదిలో గిన్నె మూత జారినా ఆమె గోడ దాకా గెంతేది.

మోతలో మాటలు కూడా నాలుగే. ఎత్తు. ఆగు. గడప. దించు. మామూలుగా ఆమె మేస్త్రిని ఏమండీ అనీ మీరు అనీ పిలిచేది. అద్దం చేతిలో ఉన్నప్పుడు మర్యాదకు తీరిక ఎక్కడిది? "దించండి" అనేలోపు వేలు నలుగుతుంది. "మొగుణ్ణి నువ్వు అనాలంటే నాకు నిలువెత్తు అద్దం కావాలి" అని ఆమె చెప్పుకునేది.

కిరసనాయిలు వాసన గొడవ ఎప్పుడు మొదలైందో ఆమెకు సరిగా గుర్తులేదు. ఎండలు తగ్గుముఖం పట్టిన రోజులు అనుకుంటుంది. భోజనం చేస్తూ మేస్త్రి ఉన్నట్టుండి ఆగి ముక్కు ఎగబీల్చాడు.

"కిరసనాయిలు వాసన రావట్లేదూ?"

"మీ చేతులే. సబ్బు పెట్టి కడుక్కు రండి."

ఆయన లేచి కడుక్కుని వచ్చాడు. కొన్నాళ్ళకు పడుకోబోతూ అదే మాట. మళ్ళీ కడుక్కోమంది. ఇంకోసారి దుప్పట్లు ఉతికింది. ఇంకోసారి ఆయన వాసన మాట ఎత్తి, ఆ తర్వాత ఎటో చూస్తూ, పిలిచినా పలక్కుండా, కుడిచేతి వేళ్ళతో చొక్కా బొత్తాం తడుముతూ ఉండిపోయాడు. ఆమెకు ఒళ్ళు మండింది.

"నేను మాట్లాడుతుంటే నన్ను దాటి ఎటో చూస్తారేం? నేనేమైనా కిటికీనా?"

ఆయన నిద్రలోంచి లేచినట్టు చూసి, "కిటికీవైతే ఈపాటికి గాజు మార్చేవాణ్ణి" అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. మర్నాడు ఆమె కొత్త సబ్బు తెచ్చింది, నిమ్మ వాసనది.

ఇంకో ఇంట్లో అయితే లేని వాసన ఎందుకు వస్తోందని ఎవరో ఒకరు అడిగేవారు. ఆ ఇంట్లో కిరసనాయిలు వాసన రావట్లేదంటే కదా కంగారుపడాలి. మెదడులో గడ్డకు సబ్బుతో వైద్యం చేసిన మనిషి ప్రపంచంలో తానొక్కతే అయ్యుంటుందని తర్వాత ఆమె చాలామందికి చెప్పింది. నిమ్మ వాసన సంగతి కూడా వదలకుండా చెప్పింది.

సెలూన్ ఆయన కొత్త చోటుకు మారుతూ, గోడంతా ఒకటే అద్దం కావాలన్నాడు. వాళ్ళిద్దరూ మోసిన వాటిలోకెల్లా అదే పెద్దది. లోపల కుర్చీల్లో మొహాల నిండా నురగతో మనుషులు కూర్చుని ఉన్నారు. "గడప" అన్నాడు మేస్త్రి. "ఎత్తు" అంది ఆమె. అద్దాన్ని గోడకు చేర్చి, కింది పట్టీలో దించి, పైన బిగించారు. మేస్త్రి తిన్నగా ఉందో లేదో చూడటానికి ఒక అడుగు వెనక్కి వేశాడు. ముక్కు ఎగబీల్చాడు.

"ఇక్కడ కూడానా" అన్నాడు, తనలో తాను.

ఆయన మెడ ఒక పక్కకు తిరిగిపోయింది. కుడిచెయ్యి కొట్టుకోవడం మొదలైంది. మనిషి నిలువునా ఒరిగాడు.

ఆమె వెనక్కి గెంతింది.

రెండు చేతులూ పైకెత్తి, శుభ్రంగా, పెరట్లో నేర్పినట్టే. అప్పుడే బిగించిన అద్దంలో అదంతా కనిపించింది. ఇంట్లో తనను ముక్కలు ముక్కలుగా తప్ప ఎరగని మనిషి ఆ రోజు తల నుంచి కాళ్ళ దాకా నిండుగా చూసుకుంది. కట్టుకున్నవాడు కింద పడుతుంటే, దొంగలకు లొంగిపోయిన బ్యాంకు గుమాస్తాలా చేతులెత్తి దూరంగా గెంతుతున్న ఆడమనిషి. మేస్త్రిని అందుకున్నది సెలూన్ ఆయన. చేతిలోని కత్తి అవతల పారేసి, ఒక్క దూకులో వచ్చి, తల నేలకు కొట్టుకోకుండా తన అరచేతులు అడ్డం పెట్టాడు. నురగ మొహాలన్నీ అద్దంలోంచి ఆమె వైపే చూస్తున్నట్టు అనిపించింది.

ఆస్పత్రిలో తల లోపలి ఫోటోలు తీశారు. డాక్టరమ్మ నెమ్మదిగా మాట్లాడే మనిషి. మెదడులో గడ్డలు రెండున్నాయంది. నిమ్మకాయంత ఒకటి, పక్కన బఠాణీ గింజంత ఇంకొకటి. ఫిట్స్ వాటివల్లే వస్తున్నాయంది.

"కొందరికి ఫిట్ మొదలయ్యే ముందు లేని వాసన ఏదో వస్తుంది. మీకెప్పుడైనా వచ్చిందా?"

మేస్త్రి భార్య వైపు చూశాడు. భార్య నేల వైపు చూసింది.

"వచ్చిందండీ. చేతులు కడుక్కున్నాను" అన్నాడు మేస్త్రి.

లోపలి వాపు తగ్గడానికి మందులు వాడి, ఆ తర్వాత పెద్ద గడ్డ తీసేస్తామన్నారు. ఈలోపు ఫిట్స్ రాకుండా మాత్రలు. గాజు ముట్టుకోకూడదు, నిచ్చెన ఎక్కకూడదు, గడియ పెట్టుకుని స్నానం చేయకూడదు. ఎప్పుడైనా ఉన్నట్టుండి పెద్ద ఫిట్ వచ్చి ఆగకపోతే ప్రాణానికే ముప్పు అని కూడా చెప్పింది డాక్టరమ్మ. ఆ మాట చెప్పేటప్పుడు ఇంకా నెమ్మదిగా చెప్పింది.

సంగతి తెలిసి మేస్త్రి అక్క పెట్టె సర్దుకుని వచ్చేసింది. జీవితమంతా సిటీబస్సులో కండక్టరుగా చేసి ఈ మధ్యే దిగిన మనిషి. ఇంట్లో ఉప్పు అడిగినా చివరి సీటు దాకా వినపడే గొంతు. వచ్చీ రాగానే మరదల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"ఏమ్మా, నా తమ్ముడు పడిపోతే తప్పుకున్నావటగా?"

"తప్పుకోవడం కాదు వదినా, గెంతాను. ఎవరైనా కొలిచి ఉంటే బహుమతి వచ్చేది."

"నీకు నవ్వులాటగా ఉందా?"

"నేను నవ్వకపోతే మీరందరూ నవ్వుతారు కదా. ఆ కష్టం మీకెందుకని."

వదిన పెదవి విరిచి పెట్టె తెరిచింది. తెర వెనక గిన్నెలు తోముతూ ఆమె మూడు మూలల అద్దంలో తన కన్ను ఒకటి చూసుకుంది. జోకు అక్కడ పనిచేయలేదు. మళ్ళీ పడే రోజంటూ వస్తే ఆయన తన చేతుల్లో పడాలి. ఇంకెవరి చేతుల్లోనూ కాదు, నేల మీదా కాదు. ఆ సెలూన్ అద్దంలో ఉన్న ఆడమనిషిని ఎలాగైనా అక్కణ్ణుంచి దింపెయ్యాలి.

మర్నాడే ముందు గదిలోకి పరుపు లాక్కొచ్చింది.

"ఏమండీ, ఒకసారి పడండి."

"ఎందుకు?"

"పట్టుకోవడం నేర్చుకోవాలి."

మేస్త్రికి ఈ ఆలోచన తెగ నచ్చింది. పరుపు అంచున నిలబడి, కళ్ళు తేలేసి, చెట్టు కూలినట్టు ఒరిగాడు. ఆమె వెనక్కి గెంతింది. రెండోసారి ముందే చెప్పి పడ్డాడు. చెప్పినా గెంతింది. మూడోసారి బల్లకు వీపు ఆనించి నిలబడితే గెంతడానికి చోటుండదని ఎత్తు వేసింది. బల్లే వెనక్కి జరిగింది. వదిన గుమ్మానికి ఆనుకుని చూస్తోంది.

"ముందుకు జరగమ్మా, ముందుకు జరుగు. వెనక చోటు లేదు" అంది, పాత గొంతుతో. "ఎంతమందిని ముందుకు తోశానో నా సర్వీసులో. నీలాంటి మొండి ప్యాసింజరు తగల్లేదు."

చివరికి ఆమె కళ్ళు మూసుకుని ముందుకు దూకింది. పట్టుకుంది కూడా. ఇద్దరూ కలిసి పరుపు దాటి నేల మీద పడ్డారు. ఆమె నడుము పట్టేసింది. మేస్త్రి ఆమె మీద పడి లేవడం మానేసి పగలబడి నవ్వాడు.

"నువ్వు గెంతడమే నయమే. పట్టుకుంటే ఇద్దరికీ కట్లు కట్టాలి."

"లేవరా ముందు, దాని ఎముకలు లెక్కపెట్టాలి" అంది వదిన. ఆ రోజు మొదటిసారి ఆమె కూడా నవ్వింది.

తర్వాతి సారి ఆస్పత్రికి వెళ్ళినప్పుడు, పట్టుకోవడంలో కిటుకేమైనా ఉంటే చెప్పమని ఆమె డాక్టరమ్మను అడిగింది. డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది.

"పట్టుకోకూడదమ్మా. అదిమి పట్టకూడదు, నోట్లో ఏమీ పెట్టకూడదు. చుట్టుపక్కల గట్టివీ పదునైనవీ ఉంటే తీసెయ్యండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి, చోటిచ్చి, దగ్గర్లో ఉండండి. ఆగకపోతే అంబులెన్సుకు ఫోన్ చెయ్యండి."

"అంటే ఇది వెనక్కి గెంతడం..." అన్నాడు మేస్త్రి.

డాక్టరమ్మ ఆలోచించింది. "మరీ అంత తప్పేమీ కాదు."

మేస్త్రి దారి పొడుగునా చంకలు గుద్దుకుంటూనే ఉన్నాడు. తన తండ్రి రెండు వేళ్ళు పాడుచేసుకుని కనిపెట్టినదాన్నే డాక్టర్లు కూడా చదువుకుంటున్నారని రిక్షా అతనికి కూడా చెప్పాడు. ఆమె మాత్రం మూతి ముడుచుకుని కూర్చుంది. గెంతినందుకు సిగ్గుపడటం ఒక్కటే తను ఆయన కోసం చేయగలుగుతున్న పని. ఇప్పుడు అది కూడా అక్కర్లేదంటే ఇంక చేతులెక్కడ పెట్టుకోవాలి?

పెట్టుకోవడానికి చోటు దొరకని ఆ చేతులతో ఆమె ఆయన వెంట తిరిగింది. పెరట్లోకి వెళ్తే పెరట్లోకి, వీధి గుమ్మంలోకి వస్తే గుమ్మంలోకి. ఎన్నో ఏళ్ళుగా ఇద్దరి మధ్యా ఒక అద్దం పొడుగు దూరం ఉండేది, ఇప్పుడు మూర కూడా లేదు. స్నానాల గది తలుపు బయట పీట వేసుకుని కూర్చునేది. బతికే ఉన్నానని తెలియడానికి ఆయన లోపల కూనిరాగం తీస్తుండాలని ఒప్పందం. ఆయన కావాలని మధ్యలో ఆపేవాడు.

"పాట ఆపారేం?"

జవాబు ఉండేది కాదు. ఆమె తలుపు తోసుకుని వెళ్ళేది. ఒళ్ళంతా సబ్బుతో ఆయన ఇకిలిస్తూ నిలబడి ఉండేవాడు.

"రెండో చరణం మర్చిపోయానే."

కత్తి ఇప్పుడు ఆమె చేతికొచ్చింది. మేస్త్రి బల్ల పక్కన కుర్చీలో కూర్చుని చెప్పేవాడు, ఆమె గీసేది. చిన్న పనులే ఒప్పుకునేవారు. కత్తి సగం దారిలో దారి తప్పేది. గాజు గీత మాట వినకుండా తనకు నచ్చిన వైపు విరిగేది. "నీ గాజుకు స్వతంత్రం ఎక్కువ" అనేవాడు ఆయన. ఇంట్లో గోడల మీద కొత్త వంకర ముక్కలు చేరాయి. ఇదివరకు చూడని మోచేతులు, మెడ వెనక భాగాలు ఇప్పుడు చూసుకోగలుగుతున్నానని ఆమె సంతోషించింది.

ఆపరేషన్ వారంలోకి వచ్చిన రోజుల్లో ఒక మధ్యాహ్నం, టైలరు గదిలో పెట్టడానికి అద్దం కోస్తోంది. ఛాతీ దాకా వచ్చే అద్దం. వదిన వంటగదిలో ఉంది. ఆమె ఊపిరి బిగబట్టి గీసింది, కింద తట్టింది, విరిచింది. చప్పుడులోనే తెలిసిపోయింది. ఈ చివరి నుంచి ఆ చివరికి ఒక్క వంకర లేదు. ఒంటరిగానే ఎత్తి, గోడ వారనున్న చట్రం వైపు నడిచింది.

"ఇలా తిప్పు, చూస్తాను" అన్నాడు మేస్త్రి.

ఆమె ఆగి, అద్దాన్ని ఆయన వైపు తిప్పింది. అద్దం వెనక ఉంది కాబట్టి ఆమెకు ఆయన తల పైభాగమే కనిపిస్తోంది. ఆయన అంచును చూస్తున్నాడో, అందులో తనను చూసుకుంటున్నాడో తెలియలేదు.

"తిన్నగా వచ్చింది" అన్నాడు.

దీని తర్వాత జోకు వస్తుందని ఆమె ఎదురుచూసింది. ఆయన ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది.

"వచ్చిందే" అన్నాడు, నింపాదిగా, ఇంటికి ఎవరో వచ్చారని చెప్పినట్టు. వాసన వస్తే వెంటనే కింద పడుకోమని డాక్టరమ్మ చెప్పింది కాబట్టి కుర్చీలోంచి లేచాడు. లేచినవాడు లేచినట్టే మెడ తిరిగి ముందుకు ఒరిగాడు.

ఆమె అద్దాన్ని వదిలేసింది. ఎంతో శుభ్రంగా వదిలేసింది, ఏళ్ళ తరబడి నేర్చుకున్నట్టే. కాళ్ళు మాత్రం నేర్చుకున్న దారిలో వెళ్ళలేదు. అద్దం నేల మీద వెయ్యి ముక్కలవుతుంటే దాని మీదుగా ముందుకు దూకి, ఆయన చంకల కిందికి చేతులు పోనిచ్చి, ఆయన బరువుతో పాటు మోకాళ్ళ మీద కూలబడింది. ఆమె ఒళ్ళో ఆయన ఒళ్ళంతా కొట్టుకుంటోంది. కిటికీలోంచి పడిన ఎండ ప్రతి పెంకు మీదా పడి పైకప్పు మీదికి లేచింది. పైన ఏరు పారుతోంది, తళతళా, చప్పుడు లేకుండా. ఇద్దరూ దాని అడుగున ఉన్నారు.

"ఆగు" అంది ఆమె. "ఆగు. ఆగు."

వదిన పరుగెత్తుకొచ్చి, ఒక్క చూపు చూసి, ఫోన్ అందుకుంది. ఆ గొంతు మొదటిసారి పక్క గదిలోకి కూడా వినపడనంతగా పడిపోయింది. ఫిట్ ఆగినట్టే ఆగి మళ్ళీ మొదలైంది. మళ్ళీ ఆగింది, మళ్ళీ వచ్చింది. బండి వచ్చేసరికి ఆయన కదలడం మానేశాడు. ఆస్పత్రిలో చాలాసేపు ఆయన ఛాతీ మీద నొక్కుతూనే ఉన్నారట. తర్వాత నొక్కడం ఆపేశారు.

డాక్టరమ్మ వచ్చేటప్పటికి ఒక నర్సు ఆమె అరికాళ్ళలోంచీ మోకాళ్ళలోంచీ గాజు తీస్తోంది. ట్రేలో ముక్క పడినప్పుడల్లా టింగుమంటోంది.

"అన్నీ మీరు చెప్పినదానికి ఎదురే చేశాను డాక్టరమ్మా" అంది ఆమె. "పట్టుకోవద్దన్నారు, పట్టుకున్నాను. పదునైనవి తీసెయ్యమన్నారు, గదంతా పరిచాను."

డాక్టరమ్మ స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"ఫిట్ మీద ఫిట్ వచ్చింది. గుండె తట్టుకోలేదు. ఈ గడ్డలున్నవాళ్ళకు ఒక్కోసారి ఇలా ఉన్నట్టుండి అయిపోతుంది. మీరు పట్టుకున్నా, గెంతినా, ఇదే జరిగేది." నర్సు పక్కనున్న ట్రే వైపు చూసింది. "ఆయనకు చెవి పక్కన చిన్న గాటు ఒకటి ఉంది. మిగతా గాజంతా మీకే దిగింది."

"పట్టుకోవడం రాకనే ఆ ఒక్కటీ తగిలింది" అంది ఆమె. నర్సు చెయ్యి ఆగిపోయింది. ఆమె తన రెండు అరచేతులూ తిప్పి చూసుకుంది. వాటిలో ఏదీ లేదు. ఏదో ఉండేదని మాత్రం వాటికి తెలుసు. అప్పుడు ఏడ్చింది. చాలా ఏళ్ళ కిందట పింగాణీ కప్పు కోసం సిద్ధం చేసుకున్న ఏడుపు కూడా అందులో కలిసి ఉంటుంది.

ఆ అద్దం ఆ తర్వాత చాలా కాలం దొరుకుతూనే ఉంది. ఎంత ఊడ్చినా తలుపు కీళ్ళలో, చాప మడతలో, ఆయన చొక్కా జేబులో. దొరికిన ప్రతి పెంకులోనూ ఏదో ఒకటి కనిపించేది, కంటి కొస, దీపం, కిటికీ మూల. ఆమె వాటిని పారేసేది. దాచుకుందామని ఒకసారి అనుకుంది గానీ, తన చేతుల సంగతి తెలిసి ఆ సాహసం చేయలేదు. టైలరుకు ఇంకో అద్దం కోసింది. అది వంకరగా వచ్చింది. మళ్ళీ కోసింది.

దుకాణానికి వచ్చినవాళ్ళు పరామర్శ ఎలా మొదలుపెట్టాలో తెలియక నీళ్ళు నమిలేవారు. ఆమే మొదలుపెట్టేది. సబ్బు సంగతి, నిమ్మ వాసన, సెలూన్‌లో గెంతు, పరుపు మీద పాట్లు. బ్యాంకు గుమాస్తాలా చేతులెత్తి మరీ చూపించేది. వాళ్ళు నవ్వేదాకా వదిలేది కాదు. చివరి మధ్యాహ్నం దగ్గరికి వచ్చేసరికి మాత్రం, "ఆ రోజు మాత్రం గెంతలేదు లెండి" అని, కొలత టేపు అందుకుని, కిటికీ వెడల్పు ఎంతని అడిగేది.

సెలూన్ ఆయన అద్దం ముందు నుంచి వెళ్ళాల్సి వస్తే ఆమె ఇప్పుడు తల తిప్పుకోదు. ఒకసారి లోపలికి వెళ్ళి నిలబడి, తల నుంచి కాళ్ళ దాకా చూసుకుని వచ్చింది. "లావయ్యాను" అని సెలూన్ ఆయనతో చెప్పి వచ్చింది.

వదిన పెట్టె మళ్ళీ సర్దుకోలేదు. పెద్ద అద్దాలు ఒక్కరు మోయలేరు. ఒక పొద్దున చేతి తొడుగులు వేసుకుని పెరట్లోకి వచ్చి నిలబడింది. ఆమె పనికిరాని గాజు పలకలు తెచ్చి తాలీము మొదలుపెట్టింది. పలక ఒరిగితే చాలు, వదిన దాన్ని పట్టుకోబోతూ చేతులు చాస్తోంది.

"పట్టుకోకూడదు వదినా. వదిలేసి వెనక్కి గెంతాలి."

"జనాన్ని ముందుకు తోసి తోసి, వెనక్కెళ్ళడం నా వల్ల కావట్లేదే."

"అలవాటైపోతుంది. నాకు మరీ ఎక్కువ అలవాటైంది, అదే గొడవ."

చాలా రోజులు పట్టింది. గెంతు వచ్చాక మొదటి పెద్ద అద్దం మోయడానికి ఇద్దరూ చెరో కొస దగ్గర నిలబడ్డారు. ముందు కొస ఆమెది. వీధిలో ఇంకా ఆమెను వెనకావిడ అనే పిలుస్తారు, ఎవరూ మార్చలేదు, ఆమె మార్చమనలేదు. అద్దానికి అవతలి నుంచి వదిన గొంతు వచ్చింది.

"అద్దం పడితే గెంతాలి, సరే. నువ్వు పడితే?"

"అప్పుడు కూడా గెంతండి. డాక్టరమ్మే చెప్పింది, తప్పు లేదని."

"నేను పడితే?"

ఆమె అద్దం అంచు మీదుగా వెనక్కి చూసింది. కండక్టరు ఉద్యోగంలో పెరిగిన ఆ ఒళ్ళు, ఆ భుజాలు, ఆ నడుము. తన పట్టేసిన నడుము గుర్తొచ్చింది.

"మీరు పడితే ఇద్దరం పడదాం" అంది. తొడుగులు బిగించుకుని, వంగి, అంచు పట్టుకుంది.

"ఎత్తు."